చిన్న ఆపరేషనేనటగా!

మా నాన్న లేడీస్ టైలర్. తెనాలిలో ముప్ఫై ఏళ్లకు పైగా ఒకే షాపు, ఒకే కుట్టుమిషను. పెళ్లిళ్ల సీజన్లో ఆయన దగ్గర జాకెట్టు కుట్టించుకోవాలంటే ముహూర్తం పెట్టుకున్న రోజే వచ్చి గుడ్డ ఇచ్చిపోవాలని మా వీధిలో జోకు. ఆ జాకెట్ల డబ్బుతోనే నా ఇంజినీరింగ్ ఫీజు కట్టారు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. "ఇక మిషను అమ్మేయ్ నాన్నా" అంటే, "నీ లాప్‌టాప్ నువ్వు అమ్ముతావా?" అంటారు.

ఆయనకి 58వ ఏట పురీషనాళంలో కాన్సర్ అని తేలింది. పెద్దపేగు చిట్టచివర, మలద్వారానికి పైన ఉండే భాగం అది. ఇలాంటి చోటి జబ్బు గురించి కూతురు పత్రికకి రాయడమేమిటని మావాళ్లలో కొందరికి కోపం రావచ్చు. అందుకే ముందు నాన్ననే అడిగాను. "రాయి. ఊరి పేరు కూడా రాయి. షాపు పేరు మాత్రం వద్దు, అడ్వర్టైజ్‌మెంటు అనుకుంటారు" అన్నారు.

తేలడానికే ఎనిమిది నెలలు పట్టింది. రక్తం పడుతుంటే మొలలు అనుకున్నారు. రోజంతా కూర్చుని చేసే పని, టైలర్లకి మొలలు మామూలేనని ఆయనకి ఆయనే సర్దిచెప్పుకున్నారు. ఒక క్లినిక్‌లో కనీసం వేలితో పరీక్ష కూడా చేయకుండా మొలల మందు రాసిచ్చారు. అది కొన్నాళ్లు, ఎవరో చెప్పిన ఆకు పసరు కొన్నాళ్లు. చివరికి బరువు తగ్గి, ప్యాంటు నడుము తానే రెండుసార్లు లోపలికి కుట్టుకున్నాక మా అమ్మ నాకు ఫోన్ చేసింది. హైదరాబాద్ తీసుకొచ్చి కొలనోస్కోపీ చేయిస్తే అరగంటలో తేలిపోయింది. మొలలు కూడా ఉన్నాయి, నిజమే. మొలలున్న మనిషికి కాన్సర్ రాకూడదని రూలేమీ లేదని ఆ డాక్టరుగారు అన్నప్పుడు నాకు ఏడవాలో, ఆయనకి దణ్ణం పెట్టాలో తెలియలేదు.

కణితి మలద్వారం నుంచి 8 సెంటీమీటర్ల పైన ఉంది. ముందు రేడియేషన్, 25 సిట్టింగులు, దాంతోపాటు కీమో మాత్రలు. తర్వాత కొన్ని వారాలు ఆగి, ఆపరేషన్. అరచేతుల చర్మం పొక్కులూడి కత్తెర పట్టుకోవడం కష్టమైంది నాన్నకి. అది మాత్రల వల్లేనట. ఇదంతా ఓపిగ్గానే భరించారు. ఆపరేషన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మా ఇంట్లో పెద్ద చర్చ మొదలైంది: పొట్ట కోసి చేయించాలా, లాప్రోస్కోపీనా?

మా మేనత్తది ఒకటే పట్టు. "పొట్ట కోసి మొత్తం చూస్తేనే కదమ్మా, ఎక్కడెక్కడ ఉందో తెలిసేది? చిల్లులు పెట్టి గొట్టాల్లోంచి చూస్తే సగం వదిలేస్తారు." ఆవిడ అన్నది అమాయకపు మాటలా వినిపిస్తుంది గానీ, సరిగ్గా ఇదే అనుమానం ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద పెద్ద సర్జన్లకీ ఉండేది.

జర్మనీలో కుర్ట్ సెమ్ అనే గైనకాలజిస్టు 1980లో లాప్రోస్కోపుతో అపెండిక్స్ తీస్తే తోటి డాక్టర్లు మెచ్చుకోకపోగా ఎగతాళి చేశారు. 1985లో అదే దేశంలో ఎరిక్ ముహె ఈ పద్ధతిలో పిత్తాశయం తీస్తే ఆయనకీ అదే మర్యాద. మన దేశంలో 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో టెహెంతన్ ఉద్వాడియా మొదటిసారి ఇలా పిత్తాశయం తీశారు. ఆ తర్వాత కొన్నేళ్లకే అది ఊరూరా పాకింది. మా వీధిలో "గాల్‌బ్లాడర్ రాళ్లు, మూడు చిల్లుల ఆపరేషన్" చేయించుకున్నవాళ్లు నలుగురున్నారు.

కాన్సర్ దగ్గర మాత్రం సర్జన్లు ఆగిపోయారు. 1990ల మొదట్లో పేగు కాన్సర్‌కి లాప్రోస్కోపీ చేసిన కొందరిలో, పరికరాలు దూర్చిన ఆ చిన్న రంధ్రాల దగ్గరే మళ్లీ కాన్సర్ మొలిచింది. గాలి కొట్టడం వల్ల కణాలు చెదిరిపోతున్నాయా, కణితిని లాగేటప్పుడు అంటుకుంటున్నాయా అని భయం పట్టుకుంది. అప్పుడు అమెరికా, కెనడాల్లో 48 ఆసుపత్రులు కలిసి 872 మంది పెద్దపేగు కాన్సర్ రోగులను చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒకరికి పొట్ట కోసి, ఒకరికి లాప్రోస్కోపీతో చేశారు. అందులో పాల్గొనే సర్జన్ అంతకుముందే కనీసం ఇరవై ఆపరేషన్లు ఈ పద్ధతిలో చేసి ఉండాలని షరతు పెట్టారు. 2004లో ఫలితాలొచ్చాయి. మూడేళ్లలో కాన్సర్ తిరగబెట్టింది లాప్రోస్కోపీ వాళ్లలో నూటికి 16 మందికి, పొట్ట కోసినవాళ్లలో 18 మందికి. అంటే తేడా లేనట్టే. రంధ్రాల దగ్గర మళ్లీ రావడం కూడా రెండువైపులా నూటికి ఒకరికి లోపే.

పురీషనాళం కథ వేరు. అది కటి ఎముకల మధ్య ఇరుకు గరాటులో ఉంటుంది. మగవాళ్లలో ఆ గరాటు ఇంకా ఇరుకు. పక్కనే మూత్రాశయం, ప్రోస్టేట్, సన్నటి నరాలు. ఇంగ్లండ్‌కి చెందిన బిల్ హీల్డ్ అనే సర్జన్ 1980ల్లో చెప్పింది ఏమిటంటే, పురీషనాళాన్ని చుట్టి ఉండే కొవ్వు సంచిని ఎక్కడా చిరగకుండా, సంచితో సహా బయటికి తీయాలని. బత్తాయి తొనని పైపొర చిట్లకుండా విడదీసినట్టన్నమాట. ఆ పొర చిరిగితే లోపలి లింఫ్ గ్రంథుల్లో ఉన్న కాన్సర్ అక్కడే మిగిలిపోవచ్చు. పొట్ట కోసినా, రంధ్రాలు పెట్టినా ఈ నియమం ఒకటే. 2015లో వచ్చిన యూరప్ అధ్యయనం లాప్రోస్కోపీతోనూ ఇది సమానంగా కుదురుతుందని చెప్పింది. అదే ఏడాది అమెరికా నుంచి ఒకటి, ఆస్ట్రేలియా నుంచి ఒకటి వచ్చిన అధ్యయనాలు మాత్రం అంత గట్టిగా చెప్పలేమన్నాయి. ఇవన్నీ చదివి నేను సర్జన్ గారి దగ్గరికి పెద్ద లిస్టుతో వెళ్లాను. ఆయన విసుక్కోకుండా విని, "ఇందులో పరికరం కంటే చెయ్యి ముఖ్యమమ్మా. నేను ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తానో, ఎన్నిట్లో మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చిందో అడుగు. అది అడగాల్సిన ప్రశ్న" అన్నారు. అడిగాను. చెప్పారు. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

నాన్న అడిగింది వేరే. "లోపల చెయ్యి పెట్టకుండా ఎలా కుడతారండీ?"

డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీశారు. బొడ్డు దగ్గర ఒక రంధ్రంలోంచి కెమెరా. మిగతా చోట్ల అర సెంటీమీటరు నుంచి పన్నెండు మిల్లీమీటర్ల లోపు ఇంకో నాలుగు. పొట్ట గుడారంలా లేవడానికి కార్బన్ డయాక్సైడ్ వాయువు. కణితితో ఉన్న భాగాన్ని కోసి, పొత్తికడుపు కింద ఐదారు సెంటీమీటర్ల కోతలోంచి బయటికి తీస్తారు. ఈ కోత సంగతి చాలామందికి తెలియదు. కోసిన పేగు పావు అంగుళం చిల్లులోంచి బయటికి రాదు కదా! ఆ తర్వాత మిగిలిన రెండు పేగు చివరల్ని గుండ్రటి స్టాప్లరుతో కలుపుతారు. కింద మలద్వారంలోంచి స్టాప్లరు పైకి వస్తుంది, పై పేగులో ఉన్న దాని మూతతో కలుస్తుంది, నొక్కితే రెండు వరసల టైటానియం పిన్నులు గుండ్రంగా పడతాయి, లోపలి కత్తి మధ్యలో దారి తెరుస్తుంది.

"రెండు వరసలా? ఎదురెదురుగానా, ఒకటి తప్పించి ఒకటా?" అన్నారు నాన్న.

డాక్టరుగారు పెన్ను ఆపి నాన్నని చూశారు. "తప్పించి."

"అదీ. అలా అయితేనే చీలదు."

కుట్టు సరిగా పడిందో లేదో ఎలా తెలుస్తుందన్నది తర్వాతి ప్రశ్న. అతుకు చుట్టూ నీళ్లు నింపి, కింద నుంచి గాలి కొట్టి బుడగలు వస్తున్నాయేమో చూస్తారట. "సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టు" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ గదిలో ఆ నెల మొత్తం మీద మేం నవ్వింది అప్పుడే.

రోబో సంగతి కూడా వచ్చింది. కౌన్సెలర్ అమ్మాయి రోబోటిక్ ప్యాకేజీ కరపత్రం చేతిలో పెట్టింది, లక్షన్నర అదనం. మా కంపెనీ ఇన్సూరెన్స్ ఆ అదనం ఇవ్వదు. రోబో అంటే అదేదో తనంతట తాను ఆపరేషన్ చేసే యంత్రం అనుకుంటారు చాలామంది. సర్జనే పక్కన కూర్చుని దాని చేతుల్ని నడుపుతారు, మణికట్టు తిరిగినట్టు పరికరాలు తిరుగుతాయి, బొమ్మ లోతుతో కనిపిస్తుంది. పురీషనాళం కాన్సర్ మీద పది దేశాల్లో 471 మందితో జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో రోబోకి, మామూలు లాప్రోస్కోపీకి పెద్ద తేడా తేలలేదు. ఆ తర్వాత చైనాలో జరిగిన ఇంకా పెద్ద పరిశీలనలో రోబోకి కొంత మెరుగైన ఫలితాలొచ్చాయి. మా సర్జన్ గారు తన చెయ్యి తిరిగింది లాప్రోస్కోపీలోనేనని నిజాయితీగా చెప్పారు. కరపత్రం అక్కడే పెట్టేసి వచ్చాం.

సంతకం పెట్టే కాగితంలో "అవసరమైతే పొట్ట తెరిచి చేయడానికి అంగీకరిస్తున్నాను" అని ఒక వాక్యం ఉంటుంది. మా అమ్మ దాని దగ్గర ఆగిపోయింది. నాకు మాత్రం ధైర్యం ఇచ్చిన వాక్యం అదే. మా ఆఫీసులో రాత్రి పూట కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు వెనక్కి వచ్చే దారి రాసుకోకుండా ఎవరూ మొదలుపెట్టరు. ఎప్పుడు ఆగాలో తెలిసినవాడి చేతికే నాన్నని అప్పగిస్తున్నామనిపించింది. 2004 నాటి ఆ అమెరికా అధ్యయనంలో కూడా ఐదుగురిలో ఒకరికి మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చింది.

నాన్నకి తెరవాల్సిన అవసరం రాలేదు. ఐదు గంటలు పట్టింది. మర్నాడు ఉదయానికే మంచం దింపి నడిపించారు. మా అమ్మ లబోదిబోమంది. మా తాతయ్యకి ఎప్పుడో పేగు ఆపరేషన్ అయితే వారం పాటు మంచినీళ్లు కూడా ఇవ్వలేదట. ఇక్కడ మొదటి రోజే గుక్కెడు నీళ్లు, రెండో రోజు జావ, మధ్యమధ్యలో నమలడానికి చూయింగ్ గమ్! నమిలితే ఏదో తింటున్నామనుకుని పేగు కదలడం మొదలుపెడుతుందని నర్సు చెప్పింది. ఆపరేషన్ తర్వాత రోగిని పస్తు పెట్టి పడుకోబెట్టే పాత పద్ధతిని ఇలా తిరగరాసింది డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్. చిన్న రంధ్రాలొక్కటే ఉపయోగం కాదని, ఈ లేపి నడిపించడం, త్వరగా తినిపించడం కూడా కలిస్తేనే మనిషి తొందరగా కోలుకుంటాడని నాకు ఆ వార్డులోనే అర్థమైంది.

నాన్నకి పొట్ట కంటే కుడి భుజం ఎక్కువ నొప్పెట్టింది. "కోసింది కింద, నొప్పి పైనేంట్రా?" అని రాత్రంతా అడిగారు. (నన్ను ఆయన 'ఒరే' అనే పిలుస్తారు, నొప్పిలోనూ, ప్రేమలోనూ.) పొట్టలో మిగిలిన వాయువు ఉదర వితానాన్ని ఒరుసుకుంటే, దాని నరం మెడ దగ్గర పుడుతుంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుందట. రెండు రోజులకి తగ్గిపోయింది.

పక్క మంచంలో ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. అల్సరేటివ్ కొలైటిస్. కాన్సర్ కాదు, పెద్దపేగు లోపలి పొర ఏళ్ల తరబడి పుండ్లు పడే జబ్బు. మందులేవీ పనిచేయక పెద్దపేగు మొత్తం లాప్రోస్కోపీతో తీసేశారు. తర్వాత చిన్నపేగు చివరనే మడిచి సంచిలా కుట్టి కిందికి కలుపుతారట, అది ఇంకో విడత ఆపరేషన్. "పేగుతో సంచి కుడతారా?" అని నాన్న కళ్లు పెద్దవి చేశారు. ఆ కుర్రాడి పొట్ట మీదా, నాన్న పొట్ట మీదా ఒకేలాంటి బ్యాగు.

అవును, బ్యాగు. కింద వేసిన అతుకు మానేదాకా దాని మీదుగా మలం పోకూడదని, చిన్నపేగు చివరి భాగాన్ని పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలిస్తారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ లోపలికి పెట్టేస్తారు. దీని గురించి ముందే చెప్పారు. స్టోమా నర్సు పెన్నుతో పొట్ట మీద గుర్తు కూడా పెట్టింది, పంచె కట్టే చోట పడకుండా. అయినా కట్టు విప్పి మొదటిసారి చూసుకున్నప్పుడు నాన్న మొహం గోడ వైపు తిప్పుకున్నారు. బ్యాగు మార్చడం నేను నేర్చుకుంటానంటే ఒప్పుకోలేదు. అమ్మ నేర్చుకుంది.

పాథాలజీ రిపోర్టు పదకొండో రోజున వచ్చింది. అంచులు శుభ్రం. పదహారు లింఫ్ గ్రంథులు చూస్తే ఒక్కదాంట్లోనూ లేదు. "అంచు వదిలి కోశారన్నమాట" అన్నారు నాన్న, గుడ్డ గురించి మాట్లాడినంత మామూలుగా. ముందుజాగ్రత్తగా మరికొన్ని నెలలు మాత్రలు వేసుకోమన్నారు.

తెనాలి వెళ్లాక అసలు చిక్కు మొదలైంది.

మా ఇంట్లో ఎవరూ బయట కాన్సర్ అనే మాట అనలేదు. నాకు సంబంధాలు చూస్తున్నారు. "పిల్లకి పెళ్లయ్యేదాకా పొక్కనివ్వకండి" అని మేనత్త అందరి దగ్గరా మాట తీసుకుంది. పేగులో చిన్న గడ్డ, లాప్రోస్కోపీలో తీసేశారు, అంతే. చొక్కా పైకెత్తి చూపించినా ఐదు చిన్న మచ్చలు, కింద ఒక గీత. పొట్ట నిలువునా కోసి ఉంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఈ మచ్చల్ని అందరూ నమ్మారు. "చిన్న ఆపరేషనేనటగా! మా మరిది గాల్‌బ్లాడర్ తీయించుకుని నాలుగో రోజు పొలం వెళ్లాడు" అని ఒకావిడ జాకెట్టు గుడ్డ తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లింది. మాఘమాసం పెళ్లిళ్లు ముంచుకొస్తున్నాయి.

నాన్న నాలుగో వారంలో షాపు తెరిచారు. బ్యాగు ఉబ్బెత్తుగా కనిపించకుండా చొక్కా వదులు చేసి, నడుముకి ఒక అర కుట్టుకున్నారు. షాపు నిండా ఆడవాళ్లు. బ్యాగు నిండితే లేచి వెళ్లాలి, వెళ్తే అడుగుతారు. నిండకుండా ఉండాలంటే ఆయనకి తోచిన ఉపాయం నీళ్లు తాగకపోవడం. పొద్దున్నించి రాత్రి దాకా రెండు టీలు.

చిన్నపేగు నుంచి వచ్చే బ్యాగులోకి నీళ్లు, ఉప్పు ధారగా పోతుంటాయి. మామూలుగా ఆ నీటిని పీల్చుకునే పెద్దపేగు దాకా అది చేరదు. తాగినా తాగకపోయినా పోయేది పోతూనే ఉంటుంది. పద్దెనిమిదో రోజున నాన్న మిషను మీద తల వాల్చేశారు. గుంటూరు ఆసుపత్రిలో చేర్చేసరికి నాలుక ఎండిపోయింది, క్రియాటినిన్ పెరిగింది. మూడు రోజులు సెలైన్లు. కిడ్నీలు తేరుకున్నాయి. డ్యూటీ డాక్టరు కుర్రాడు మా అమ్మని కూర్చోబెట్టి, రోజూ బ్యాగులోంచి వచ్చింది కొలత మగ్గుతో కొలవమని, లీటరున్నర దాటితే ఫోన్ చేయమని, ఓఆర్‌ఎస్ ఎలా ఇవ్వాలో చెప్పాడు. ఇదే విషయం హైదరాబాద్ డిశ్చార్జి కాగితంలో ఆరో లైన్లో ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగులో పెద్ద అక్షరాలతో మొదటి లైన్లో ఉండాల్సింది అని నా అభిప్రాయం.

గుంటూరు నుంచి వచ్చిన మర్నాడు నాన్న షాపులో కూర్చుని, జాకెట్టు ఆలస్యమైందని దెబ్బలాడటానికి వచ్చిన ఒక రిటైర్డు టీచరుగారికి మొత్తం చెప్పేశారు. కాన్సర్ అని, బ్యాగు అని, రక్తం పడితే మొలలనుకున్నానని. మేనత్త రెండు నెలలు మా ఇంటికి రాలేదు. ఒక సంబంధం వెనక్కి పోయింది. పోతే పోయింది. జబ్బు పేరు వినగానే లేచిపోయేవాళ్లు తర్వాత ఏదైనా వస్తే నిలబడతారన్న నమ్మకం నాకు లేదు.

ఆ టీచరుగారు వారం తర్వాత వాళ్లాయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకీ ఆర్నెల్లుగా రక్తం పడుతోందట, ఆవిడకి కూడా చెప్పలేదట. నాన్న ఆయన్ని లోపలికి తీసుకెళ్లి తలుపేసుకుని పావుగంట మాట్లాడారు. కొలనోస్కోపీలో ఒక పాలిప్ దొరికింది, దాన్ని ఆ గొట్టంలోంచే ఉచ్చు వేసి కత్తిరించి తీసేశారు. కాన్సర్‌గా మారకముందే. కోత లేదు, కుట్టు లేదు, సాయంత్రానికి ఇల్లు. ఇక మా నాన్న దగ్గర కొలతలివ్వడానికి వచ్చినవాళ్లకి ఈ ఉపన్యాసం తప్పడం లేదు. "నలభై ఐదు దాటాయా? రక్తం పడితే మొలలని నువ్వు తేల్చుకోకమ్మా, డాక్టరుని తేల్చనీ."

బ్యాగు ఐదో నెలలో తీసేశారు. అందరూ అనుకున్నట్టు అక్కడితో కథ సుఖాంతమైపోలేదు. పురీషనాళం అంటే మలాన్ని నిలవ ఉంచే గది. ఆ గది లేదు. మొదట్లో రోజుకి పది, పన్నెండు సార్లు వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు నాలుగైదు. కటి కండరాలు బిగపట్టే వ్యాయామం మిషను తొక్కుతూనే చేస్తారు. షాపు పది నుంచి ఒంటిగంట వరకే. వెనక గదిలో కొత్తగా బాత్రూం కట్టించాం. పెళ్లి జాకెట్లు నెలకి ఇరవైకి మించి ఒప్పుకోరు. మూడు నెలలకోసారి సి.ఇ.ఎ. అనే రక్తపరీక్ష. నన్ను కూడా నలభై ఏళ్లు రాగానే కొలనోస్కోపీ మొదలుపెట్టమన్నారు, తండ్రికి వచ్చింది కాబట్టి.

హైదరాబాద్ వార్డులోని ఆ కుర్రాడు అప్పుడప్పుడు నాన్నకి ఫోన్ చేస్తాడు. బ్యాగుకి ప్లాస్టిక్ చెమట పట్టి ఒరుసుకుంటోందని అంటే, నాన్న జాకెట్టు లైనింగు కాటన్ గుడ్డతో తొడుగులు కుట్టి పంపారు. తన కోసం కుట్టుకున్న నమూనాయే. అడుగున తెరుచుకునేలా, నాడా పక్కకి ఉండేలా. వాటిని చూసి స్టోమా నర్సు ఇంకో పన్నెండు అడిగిందట. కొలతలు వాట్సాప్‌లో వచ్చాయి. నిన్న రాత్రి ఫోన్ చేస్తే, లైనింగు గుడ్డ లేత రంగుదైతే మరకలు కనిపిస్తాయి, ముదురుదైతే ఉతికితే రంగు దిగుతుంది, ఏది తీసుకోమంటావ్ అని అడిగారు. గోధుమరంగు తీసుకోమన్నాను.